గోడ మీద సర్టిఫికెట్, కౌంటర్ వెనక మనిషి

హైదరాబాద్ పాతబస్తీలో మందుల షాపులకు అసలు రద్దీ చీకటి పడ్డాకే. షాలిబండ, మొఘల్‌పురా, యాకుత్‌పురా, తలాబ్‌కట్ట గల్లీల్లో చాలా క్లినిక్కులు సాయంత్రం తెరుస్తారు. కూలికీ దుకాణాల్లో పనికీ పోయినవాళ్లు అప్పుడే ఇల్లు చేరతారు. పిల్లల జ్వరాలు కూడా రాత్రికే ఎక్కువవుతాయి. ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా కౌంటర్ ముందు చేతులు చాచి జనం నిలబడి ఉంటారు. ఒకరి చేతిలో డాక్టర్ రాసిన చీటీ, ఒకరి చేతిలో ఖాళీ స్ట్రిప్పు, ఇంకొకరి ఫోన్‌లో వాట్సాప్ ఫొటో. ఏ కాగితమూ లేకుండా ‘ఆ తెల్ల గోలీ ఇవ్వు భయ్యా’ అనేవాళ్లూ ఉంటారు. లోపల ఇద్దరో ముగ్గురో పరుగులు పెడుతుంటారు. వాళ్లలో ఫార్మసిస్ట్ ఎవరో బయట ఉన్నవాళ్లకు తెలియదు. ఆ వేళకు ఫార్మసిస్ట్ అసలు ఉండకపోవచ్చు కూడా.

మందుల భద్రత అనగానే మనకు నకిలీ మందులు, కాలం చెల్లిన మందులు గుర్తొస్తాయి. పత్రికల్లో వచ్చే దాడుల వార్తలు కూడా ఎక్కువగా వాటివే. అవి ముఖ్యమైనవే. అయితే అసలైన మందే తప్పు మనిషికి, తప్పు మోతాదులో, తప్పు వేళకు చేరితే జరిగే హాని కూడా తక్కువేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మొదలుపెట్టిన ‘హాని లేని మందు’ ఉద్యమం సరిగ్గా దీని మీదే. మందుల వాడకంలో పొరపాట్ల వల్ల ప్రపంచానికి ఏటా 4,200 కోట్ల డాలర్ల నష్టమని ఆ సంస్థ అప్పుడు అంచనా వేసింది. ఈ పొరపాటును చివరిగా పట్టుకోగలిగిన మనిషి ఫార్మసిస్ట్. ఆ మనిషికి చీటీ చదివే తీరిక, ‘ఆగండి, డాక్టర్‌ని అడిగి ఇస్తాను’ అనే అధికారం ఉన్నాయా అన్నదే ఈ వ్యాసంలో ప్రశ్న.

చట్టం రాతలో గట్టిగానే ఉంది. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టర్ రాసిన మందును రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ తప్ప ఇంకెవరూ ఇవ్వకూడదు. ఇస్తే ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని మొదట రాశారు. 2023లో జన్ విశ్వాస్ చట్టంతో ఆ జరిమానాను భారీగా పెంచారు. 1945 డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూల్ కూడా ఇదే చెబుతుంది: చీటీ మీద ఇచ్చే మందు ఫార్మసిస్ట్ స్వయంగా ఇవ్వాలి, లేదా అతను దగ్గరుండి చూస్తుండగా ఇవ్వాలి. 2015 జనవరిలో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన ప్రాక్టీస్ రెగ్యులేషన్లు మరో అడుగు ముందుకేశాయి. చీటీని పరిశీలించాలి, మోతాదు సరిచూడాలి, ఎలా వాడాలో రోగికి చెప్పాలి, తెల్లకోటు వేసుకోవాలి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అందరికీ కనబడేలా పెట్టాలి.

ఈ బాధ్యతలన్నీ ఒక మనిషి పేరు మీద ఉన్నాయి. ఆ మనిషి ఎన్ని గంటలు పనిచేయవచ్చో, ఒక్కడే ఎంతమందికి మందులివ్వవచ్చో వీటిలో ఎక్కడా లేదు. లెక్క వేసి చూడండి. పొద్దున తొమ్మిదికి తెరిచి రాత్రి పన్నెండుకి మూసే షాపు రోజుకు 15 గంటలు, వారానికి 105 గంటలు నడుస్తుంది. 1988 షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఒక ఉద్యోగితో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదంటుంది. రెండు చట్టాలనూ కలిపి చదివితే ఆ షాపులో కనీసం ఇద్దరు, సెలవులతో కలిపితే ముగ్గురు ఫార్మసిస్టులుండాలి. లైసెన్స్ కాగితం మీద మాత్రం ఒక్క పేరుంటే సరిపోతుంది. మిగిలిన గంటలు ఎలా గడుస్తున్నాయని ఇన్‌స్పెక్షన్‌లో ఎవరూ అడగరు.

ఆ గంటలు రెండు రకాలుగా గడుస్తాయి. ఉన్న ఒక్క ఫార్మసిస్టే పన్నెండు, పద్నాలుగు గంటలు నిలబడతాడు. లేదంటే పదో తరగతి చదివి, నాలుగైదేళ్లుగా ర్యాకుల మధ్య తిరిగి పేర్లు నేర్చుకున్న కుర్రాడు మందులిస్తాడు. ఆ కుర్రాణ్ని తప్పుపట్టలేను. ఏ మందు ఏ అరలో ఉందో ఆ పిల్లవాడికి కంఠతా వచ్చు, చేయి చురుకు, మాట మర్యాద. షుగర్‌కు గ్లిమెపిరైడ్ వేసుకునే ముసలాయనకు కొత్తగా రాసిన యాంటీబయాటిక్ వల్ల షుగర్ పడిపోవచ్చన్నది మాత్రం అరలు చూసి నేర్చుకునే సంగతి కాదు.

ఫార్మసిస్ట్ రాని షాపులో సర్టిఫికెట్ మాత్రం ఉంటుంది. దీన్నే సర్టిఫికెట్ అద్దెకివ్వడం అంటారు. ఎక్కడో కంపెనీలో పనిచేసే మనిషి తన రిజిస్ట్రేషన్ షాపు యజమానికి ఇచ్చి నెలనెలా కొంత తీసుకుంటాడు. ఇది నేరమని ఇద్దరికీ తెలుసు. అయినా ఎందుకు సాగుతోందంటే, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఫార్మసీ కాలేజీలు విపరీతంగా పెరిగాయి. ఏటా వేలమంది సర్టిఫికెట్‌తో బయటకొస్తున్నారు. వాళ్లలో చాలామంది మందుల కంపెనీలకో, మెడికల్ కోడింగ్‌కో, విదేశాలకో వెళ్తారు. 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్.డి కోర్సు ఉద్దేశమే రోగితో మాట్లాడే ఫార్మసిస్టుల్ని తయారు చేయడం. గల్లీలోని షాపులో ఫార్మ్.డి చదివినవాళ్లు కనబడటం అరుదు. ప్రభుత్వం ఫార్మసిస్ట్ పోస్టులు వేస్తే చాలు, దరఖాస్తులు కుప్పలు పడతాయి. 2024లో తెలంగాణ మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 633 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు కోచింగ్ సెంటర్లు నిండిపోయాయి. షాపు కౌంటర్‌కు రమ్మంటే వెనకాడేవాళ్లే అక్కడికి పరుగెత్తారు. ఫార్మసిస్టులకు కొరత లేదు. మనిషి వచ్చి నిలబడేంత జీతం, పనివేళలు, గౌరవం ఆ కౌంటర్‌లో లేవు.

యజమాని కష్టం కూడా చూడాలి. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు కింద, గరిష్ఠ ధర నిర్ణయించిన మందుల మీద చిల్లర దుకాణదారుకు వచ్చేది 16 శాతం. అందులోంచే అద్దె, కరెంటు, ఫ్రిజ్, కాలం తీరి మిగిలిపోయిన సరుకు, జీతాలు. ఎదురుగా చెయిన్ స్టోర్ 15, 20 శాతం డిస్కౌంట్ బోర్డు పెడుతుంది, ఫోన్‌లో ఇంకా తక్కువకు దొరుకుతుంది. కోఠి హోల్‌సేల్‌లో పొద్దున సరుకు తెచ్చి రాత్రికి అమ్మి, మర్నాడు మళ్లీ కొనుక్కొచ్చే చిన్న షాపు రెండో ఫార్మసిస్ట్‌కు జీతం ఇవ్వగలిగే స్థితిలో లేదన్నది నిజమే. ఈ డిస్కౌంట్ పోటీ రోగికి మేలని అందరూ అనుకుంటారు. బిల్లు మీద తగ్గిన పది రూపాయలు కౌంటర్ వెనక ఒక మనిషిని తగ్గించి మిగిల్చినవైతే, ఆ మేలు ఎంతవరకో రోగికి తెలిసే దారి లేదు.

చెయిన్ స్టోర్లలో పరిస్థితి వేరు. అక్కడ ఫార్మసిస్ట్ దాదాపు ఎప్పుడూ ఉంటాడు, కంప్యూటర్ బిల్లు ఉంటుంది, స్టాక్ పద్ధతిగా ఉంటుంది. అక్కడి ఒత్తిడి అమ్మకాల టార్గెట్. ఈ నెల కంపెనీ సొంత బ్రాండ్ విటమిన్లు ఇన్ని, ప్రొటీన్ డబ్బాలు ఇన్ని అమ్మాలి. చీటీ చదవాల్సిన కళ్లు ఏం అంటగట్టవచ్చా అని చూస్తాయి. మెంబర్‌షిప్ నంబర్ అడగడం, ఆన్‌లైన్ ఆర్డర్ ప్యాక్ చేయడం, డెలివరీ కుర్రాడికి అందించడం అన్నీ ఆ ఒక్కరి పనే. మహిళా ఫార్మసిస్టులు రాత్రి షిఫ్టు ముగిశాక ఇంటికెలా వెళ్తారన్నది చాలాచోట్ల వాళ్ల సొంత సమస్యే. కూర్చునే హక్కు సంగతి చెప్పనక్కర్లేదు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాలు సవరించుకున్నాయి. మన రాష్ట్రం ఆ పని ఇవాళైనా చేయవచ్చు.

అలసిన కళ్లు ఏం తప్పు చేస్తాయో కౌంటర్ దగ్గరికే వెళ్లి చూద్దాం. పారాసిటమాల్ పిల్లలకు రెండు రూపాల్లో వస్తుంది. డ్రాప్స్‌లో ఒక ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములుంటాయి. సిరప్‌లో సాధారణంగా 5 ఎంఎల్‌కు 125 మిల్లీగ్రాములు, అంటే ఎంఎల్‌కు 25. డాక్టర్ సిరప్ 5 ఎంఎల్ అని రాశాడు, షాపులో డ్రాప్స్ సీసా చేతికొచ్చింది, తల్లి రాసినట్టే 5 ఎంఎల్ పట్టింది. బిడ్డకు చేరింది నాలుగింతల మోతాదు. 2025 మార్చిలో కేరళలోని కన్నూరు జిల్లాలో ఎనిమిది నెలల పసివాడికి సిరప్ బదులు డ్రాప్స్ ఇచ్చారన్న ఆరోపణ మీద పోలీసు కేసు నమోదైంది. ఆ బిడ్డ కాలేయం దెబ్బతిని ఆస్పత్రి పాలయ్యాడు. రెండు సీసాలదీ ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే పండు బొమ్మ అయినప్పుడు రాత్రి పదిన్నరకు చేయి ఎటు వెళ్తుందో ఊహించడం కష్టం కాదు.

ఇన్సులిన్‌దీ ఇదే కథ. మన దేశంలో ఎక్కువ సీసాలు ఎంఎల్‌కు 40 యూనిట్లవి. కాట్రిడ్జ్‌లు, కొన్ని కొత్త రకాల సీసాలు 100 యూనిట్లవి. సిరంజిలు కూడా అలాగే రెండు రకాలు. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 యూనిట్ల సిరంజితో తీసుకుంటే ఒంట్లోకి పోయేది రెండున్నర రెట్లు. ఇన్సులిన్ ఒక షాపులో, సిరంజి ఇంకో షాపులో కొనే ఇంట్లో ఈ రెండూ జత కుదిరాయా అని అడిగే మనిషి ఉండాలి. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేసుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్న రోగులు ప్రపంచమంతా ఉన్నారు. ‘వారంలో ఏ రోజు వేసుకుంటారమ్మా? ఆ ఒక్కరోజే వేసుకోండి’ అని ఒక్కమాట చెప్పడానికి అర నిమిషం చాలు. ముందు పదిమంది చేతులు చాచి ఉన్నప్పుడు ఆ అర నిమిషమే దొరకదు.

పాతబస్తీకి తనదైన ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. రోజుకూలీ మీద బతికే ఇంట్లో పది మాత్రల స్ట్రిప్ మొత్తం కొనరు, రెండ్రోజులకు సరిపడా కొంటారు. కత్తెరతో స్ట్రిప్ కోస్తే ఒక ముక్క మీద మందు పేరు ఉండిపోతుంది, ఇంకో ముక్క మీద ఎక్స్‌పైరీ తేదీ. కొనేవాడికి రెండూ లేని ముక్క రావచ్చు. మంచి ఫార్మసిస్టులు పేరు, తేదీ ఉన్న వైపు షాపులో ఉంచుకుని అవతలి వైపు నుంచి కోస్తారు, కాగితం కవరు మీద మందు పేరు రాసి, చదువు రానివాళ్లకు పొద్దుటికి ఒక గీత, రాత్రికి రెండు గీతలు పెట్టి ఇస్తారు. నేను చూసిన ఒక షాపులో పెద్దావిడ ఒకామె మూడు కవర్లు తెచ్చి కౌంటర్ మీద పరిచింది. ఫార్మసిస్ట్ ఒక్కో కవరు తెరిచి, మాత్రలు అరచేతిలో పోసి చూసి, రెండింటిలో ఉన్నది ఒకటే బీపీ మాత్ర అని పట్టుకున్నాడు. ఇద్దరు డాక్టర్లు రెండు బ్రాండ్ల పేర్లతో రాశారు. ఆ ఒక్కామెకు నాలుగైదు నిమిషాలు పట్టింది. వెనక నిలబడ్డవాళ్లు గొణిగారు, యజమాని రెండుసార్లు చూశాడు. అతను చేసినదే 2015 రెగ్యులేషన్లు చేయమన్న పని.

భాష ఇంకో సంగతి. కౌంటర్ వెనక నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చిన తెలుగు కుర్రాడు, ముందు దక్కనీ మాట్లాడే తల్లి, మధ్యలో ఇంగ్లిష్‌లో అచ్చయిన డబ్బా. చాలామంది ఆర్నెల్లు తిరక్కుండానే దక్కనీ పట్టేస్తారు. రంజాన్ నెలలో ఆ భాషే రోగికి రక్ష. రోజా ఉండే షుగర్ రోగి అడిగే ప్రశ్న ఒకటే: ‘రెండు పూటల మాత్ర సెహ్రీకి వేసుకోవాలా, ఇఫ్తార్‌కా?’ గ్లిమెపిరైడ్ లాంటి మందును మామూలు మోతాదులో సెహ్రీకి వేసుకుని పగలంతా ఉపవాసం ఉంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. నెల ముందే డాక్టర్‌ను కలిసి మోతాదు మార్పించుకోమని చెప్పాల్సిన మాట అది. ఆ నెలలో షాపులు సెహ్రీ దాకా తెరిచి ఉంటాయి. అంటే ఈ సలహా అత్యంత అవసరమైన నెలలోనే, ఇచ్చే మనిషి నిద్రకు దూరమవుతాడు. తను కూడా రోజా ఉన్నవాడైతే చెప్పక్కర్లేదు.

చీటీల్లో రాత సంగతికి వస్తే, దీని మీద కోర్టుకెక్కిన మనిషి మన నల్గొండవాడే. మందుల షాపు నడిపే చిలుకూరి పరమాత్మ 2014లో హైదరాబాద్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. డాక్టర్లు మందుల పేర్లు విడివిడిగా, పెద్ద అక్షరాల్లో రాయాలని ఆయన పోరాటం. 2016లో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జెనరిక్ పేర్లతో, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని గెజిట్‌లో మార్పు చేసింది. దాదాపు పదేళ్ల తర్వాత, 2025లో పంజాబ్-హర్యానా హైకోర్టు మళ్లీ ఇదే విషయం ఎత్తుకుని, చదవగలిగే చీటీ రోగి ప్రాథమిక హక్కు అని చెప్పాల్సి వచ్చింది. పేర్ల పోలికలపైనా సుప్రీంకోర్టు 2001లోనే మాట్లాడింది. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అనే రెండు మలేరియా మందుల పేర్ల తగాదాలో, మందుల విషయంలో పేర్ల పోలికను మామూలు సరుకుల కంటే కఠినంగా చూడాలంది. 2019లో రూల్స్ మార్చి, కొత్త బ్రాండ్ పేరు పాతవాటిని పోలి లేదని కంపెనీలు రాసివ్వాలన్నారు. ఇవన్నీ జరిగినా, గజిబిజి రాతనూ పేర్ల పోలికనూ చివరికి విడదీయాల్సింది కౌంటర్ వెనక మనిషే.

ఇవ్వకూడనిది ఇవ్వననడం ఇంకా కష్టమైన పని. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1లో సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు, ఆల్‌ప్రాజోలామ్, ట్రమడాల్ ఉన్నాయి. వీటిని అమ్మితే డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, పరిమాణం ప్రత్యేక రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. రద్దీలో ఆ రిజిస్టర్ షాపు మూసే ముందు ఒక్కసారిగా నింపడం చాలాచోట్ల జరిగేదే. అలా నింపిన రిజిస్టర్ దేనికీ పనికిరాదు. నిద్రమాత్రలు, జిమ్ముల్లో వాడే మెఫెంటర్‌మిన్ ఇంజెక్షన్ల మీద పోలీసులు, డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ దాడులు చేస్తూనే ఉన్నారు. అర్ధరాత్రి నలుగురు కుర్రాళ్లు వచ్చి చీటీ లేకుండా ఇవ్వమని నిలబడితే, ఒంటరిగా ఉన్న పాతికేళ్ల ఫార్మసిస్ట్ కాదనగలగాలి. కాదంటే పోయేది గిరాకీ అని యజమాని అనుకుంటే, ఆ కుర్రవాడి వెనక నిలబడేది ఎవరు?

ప్రభుత్వానికి అవసరమైనప్పుడు వీళ్ల విలువ తెలిసింది. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదటి విడతలో, జ్వరం, దగ్గు మందులు కొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసి పంపమని తెలంగాణ మందుల షాపులను ఆదేశించింది. 2025 అక్టోబరులో కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్ బ్యాచ్‌ను ఆపమని డ్రగ్స్ కంట్రోల్ హెచ్చరించినప్పుడూ అర నుంచి సీసాలు తీసి బ్యాచ్ నంబర్ చూడాల్సింది షాపులోని మనిషే. ఇంత పని అప్పగించిన మనిషి పనివేళలు మాత్రం షాపు లైసెన్స్ కాగితంలో ఎక్కడా కనిపించవు.

శిక్ష పెంచితే సరిపోతుందా? ఇంగ్లండ్ అనుభవం చూడాలి. 2007లో విండ్సర్‌లో ఎలిజబెత్ లీ అనే ఫార్మసిస్ట్ ప్రెడ్నిసొలోన్ బదులు ప్రొప్రనొలాల్ ఇచ్చింది. ఆ రోజు ఆమె పదిగంటల షిఫ్టులో విరామం లేకుండా పనిచేసిందని కోర్టులో తేలింది. 2009లో మూడు నెలల సస్పెండెడ్ జైలుశిక్ష వేశారు, 2010లో అప్పీలు కోర్టు దాన్ని 300 పౌండ్ల జరిమానాకు తగ్గించింది. ఆ కేసు చూసిన ఫార్మసిస్టులు పొరపాటు జరిగితే బయటపెట్టడానికి భయపడసాగారు. దాచిన పొరపాటు మరో షాపులో మళ్లీ జరుగుతుంది. చివరికి 2018లో బ్రిటన్ చట్టం మార్చి, వృత్తిధర్మం పాటించి, పొరపాటు తెలియగానే రోగికి చెప్పిన ఫార్మసిస్ట్‌కు క్రిమినల్ కేసు నుంచి రక్షణ ఇచ్చింది. అమెరికాలో 2023 సెప్టెంబరులో కాన్సాస్ సిటీ చెయిన్ ఫార్మసిస్టులు మనుషుల్ని పెంచమని పనికి వెళ్లడం మానేశారు. మన కాలేజీల్లో చదివి వెళ్లిన తెలుగువాళ్లు ఎంతోమంది ఆ దేశపు కౌంటర్లలో ఉన్నారు, ఈ బాధ వాళ్లకు కొత్త కాదు. అదే ఏడాది కాలిఫోర్నియా చేసిన చట్టం ప్రకారం పొరపాట్లను తప్పనిసరిగా నివేదించాలి. రోగులకు ప్రమాదమనిపించే పరిస్థితి ఉందని ఫార్మసిస్ట్ చెబితే యాజమాన్యం సరిచేయాలి, 24 గంటల్లో చేయకపోతే విషయం బోర్డుకు చేరాలి.

మన దగ్గర వెంటనే చేయగలిగినవి ఉన్నాయి. 2017 సవరణ తర్వాత మందుల లైసెన్స్‌కు కాలపరిమితి పోయింది, ఐదేళ్లకోసారి రిటెన్షన్ ఫీజు కడితే చాలు. ఆ ఫీజు కట్టేటప్పుడే షాపు తెరిచి ఉండే వేళలు, ఏ వేళకు ఏ ఫార్మసిస్ట్ ఉంటాడో రాసిమ్మనవచ్చు. షాపు ముందు ‘ఇప్పుడు డ్యూటీలో ఉన్న ఫార్మసిస్ట్’ అని పేరు, ఫొటో, వేళలతో బోర్డు పెట్టించవచ్చు, అది తెలుగు, ఉర్దూ రెండింటిలో ఉంటే పాతబస్తీ తల్లులు చదువుకుంటారు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ పగలు పదకొండింటికి బదులు రాత్రి పదింటికి చేయవచ్చు. కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ కూడా వెంట వస్తే పనిగంటల రిజిస్టర్, హెచ్1 రిజిస్టర్ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. చిన్న షాపులు నాలుగైదు కలిసి రాత్రి వేళకు ఒక ఫార్మసిస్ట్‌ను పంచుకుంటామంటే, మనిషి ఎదుట ఉండాలన్న నిబంధన చెడకుండా వంతులవారీ రాత్రి షాపుల పద్ధతి పెట్టవచ్చు. ఈ రాత్రి మొఘల్‌పురాలో ఒకటి, రేపు హుస్సేనీ ఆలంలో ఒకటి తెరిచి ఉంటుందని ప్రకటించి, అందులో మాత్రం ఫార్మసిస్ట్ తప్పకుండా ఉండేలా చూడాలి.

వీటన్నిటికంటే ముందు తెలంగాణ ఫార్మసీ కౌన్సిల్ ఒక పని చేయాలి. చీటీ లేని మందు ఇవ్వననో, అనుమానం తీరేదాకా ఆగమనో అన్నందుకు ఉద్యోగం పోయిన ఫార్మసిస్ట్ ఫిర్యాదు చేస్తే తీసుకుని విచారించే ఏర్పాటు, పేరు చెప్పకుండా పొరపాటును రాసి పంపే ఏర్పాటు చేయాలి. కౌన్సిల్ ఇప్పుడు రిజిస్ట్రేషన్లు ఇస్తుంది, రెన్యువల్ చేస్తుంది, తప్పు చేసినవాళ్ల పేరు తీసేస్తుంది. సరిగ్గా పనిచేసినందుకు నష్టపోయినవాళ్లు వెళ్లి తట్టే తలుపు కూడా అక్కడే ఉండాలి.